మొబైల్ టచ్ ఆటోమేషన్ టూళ్లకు డాక్యుమెంటేషన్ రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో తెలుగు మాట్లాడే టెస్టర్లు, ఇంజినీరింగ్ విద్యార్థులు, చిన్న యాప్ బృందాలు, మొబైల్ రిపేరు షాపుల వాళ్లు అడుగుతుండే ప్రశ్నలివి. ఫోను తెరను మనిషి తాకకుండానే తాకినట్టు చేసే టూళ్లు చాలా ఉన్నాయి. వాటిని నడపడం ఒక పూటలో వస్తుంది. నడిపినదాన్ని ఇంకొకరు, ఇంకో ఫోనులో, ఆరు నెలల తర్వాత కూడా నడపగలిగేలా రాసిపెట్టడమే అసలు పని. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులో ఇచ్చాం. కంప్యూటర్లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

"ఇన్‌పుట్ ట్యాప్ 540 1584" అని రాసిపెడితే చాలదా?

చాలదు. ఈ కమాండ్ తెర మీద ఎడమ నుంచి 540, పై నుంచి 1584 పిక్సెళ్ల దూరంలో తాకిస్తుంది. ఆ రెండు సంఖ్యలు ఒక్క ఫోనులో, ఒక్క అమరికలో మాత్రమే నిజం. తెర సైజు మారితే నిష్పత్తి ప్రకారం లెక్కేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. 1080×2400 తెర మీది 540, 1584 అనే బిందువు 720×1600 తెర మీద 360, 1056 అవుతుంది, లెక్క సరిగ్గానే ఉంది. కానీ తెర మీది బటన్లు ఆ నిష్పత్తిలో కుంచించుకోవు. అవి డెన్సిటీని (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చెప్పే అమరికను) బట్టి గీయబడతాయి.

ఒక జాబితాలో ఒక్కో వరుస ఎత్తు 72 డీపీ (డెన్సిటీ మీద ఆధారపడని కొలత) అనుకోండి. డీపీని 160తో భాగించి డెన్సిటీతో గుణిస్తే పిక్సెళ్లు వస్తాయి. 420 డెన్సిటీ ఉన్న 1080 తెరలో అది 189 పిక్సెళ్లు, 320 డెన్సిటీ ఉన్న 720 తెరలో 144. నిష్పత్తి లెక్కలో మాత్రం 126 వస్తుంది. వరుసకు 18 పిక్సెళ్ల తేడా. పదో వరుస దాటేసరికి తేడా 180 అవుతుంది, అంటే ఒక వరుస ఎత్తు కంటే ఎక్కువ. స్క్రిప్టు ఎర్రర్ ఏమీ చూపదు, నిశ్శబ్దంగా పక్క పేరు మీద నొక్కేస్తుంది. ఎర్రర్ వచ్చి ఆగిపోయే స్క్రిప్టు కంటే ఇలా తప్పు చోట నొక్కి ముందుకు పోయే స్క్రిప్టే ప్రమాదం.

కాబట్టి సంఖ్య పక్కన అది ఏ పరిస్థితిలో తీసినదో ఉండాలి, ఆ సంఖ్యే ఎందుకో కూడా ఉండాలి. "540, 1584: 'కొనసాగించు' బటన్ నడిబొడ్డు" అని రాస్తే, రేపు బటన్ జరిగినప్పుడు చదివేవాడికి ఏం వెతకాలో తెలుస్తుంది.

అయితే ప్రతి స్క్రిప్టు పైన ఏమేం రాయాలి?

ఒక నమూనా ఇది. ఇందులో ఏ వాక్యం తీసేసినా ఎక్కడో ఒకచోట పని ఆగుతుంది. డబ్ల్యూఎం సైజ్, డబ్ల్యూఎం డెన్సిటీ అనేవి తెర సైజును, డెన్సిటీని చూపే కమాండ్లు. కంపెనీ స్కిన్ అంటే ఆండ్రాయిడ్ మీద ఫోను కంపెనీ వేసే సొంత రూపం.

"ఫోను మోడల్, ఆండ్రాయిడ్ 13, కంపెనీ స్కిన్ వెర్షన్. డబ్ల్యూఎం సైజ్: 1080×2400. డబ్ల్యూఎం డెన్సిటీ: 420. ఫాంట్ సైజు, డిస్‌ప్లే సైజు రెండూ డిఫాల్ట్. నిలువు తెర, ఆటో రొటేట్ ఆపి ఉంది. నావిగేషన్: మూడు బటన్లు. ఫోను భాష తెలుగు, యాప్ భాష ఒడియా. యాప్ వెర్షన్ ఇంత. కీబోర్డు ఫలానా. యానిమేషన్లు మూడూ సున్నా. మొదలు: యాప్ మూసి ఉండాలి, లాగిన్ అయి ఉండాలి, నెట్ ఉండాలి. ముగింపు: రసీదు తెర కనబడాలి."

డబ్ల్యూఎం సైజ్ కమాండ్ కొన్ని ఫోన్లలో రెండు వరుసలు చూపిస్తుంది: ఫిజికల్ సైజ్, ఓవర్‌రైడ్ సైజ్. బ్యాటరీ పొదుపు కోసం తెర రిజల్యూషన్ తగ్గించి వాడే ఫోన్లలో ఇలా కనిపిస్తుంది. ఓవర్‌రైడ్ ఉంటే ట్యాప్‌కు అదే లెక్క, అదే రాయండి.

నావిగేషన్ రకాన్ని జనం తరచూ వదిలేస్తారు. జెస్చర్ నావిగేషన్ ఉన్న ఫోనులో తెర అంచు నుంచి మొదలయ్యే స్వైప్ "వెనక్కి" అయిపోతుంది. మూడు బటన్ల ఫోనులో అదే స్వైప్ పక్క పేజీకి తీసుకెళ్తుంది.

ఆ సంఖ్యలు ఎలా కనుక్కోవాలి? తెర మీద వేలు పెట్టి చూసుకుంటే సరిపోతుందా?

తొందర పనికి సరిపోతుంది. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. అందులో పాయింటర్ లొకేషన్ ఆన్ చేస్తే వేలు పెట్టిన చోటి ఎక్స్, వై విలువలు తెర పైపట్టీలో కనబడతాయి.

డాక్యుమెంటులో పెట్టడానికి మాత్రం యూఐ ఆటోమేటర్ డంప్ తీయండి. ఏడీబీ అంటే కంప్యూటర్ నుంచి ఫోనుకు కమాండ్లు పంపే టూలు. "ఏడీబీ షెల్ యూఐఆటోమేటర్ డంప్" అని కొడితే ఆ క్షణాన తెర మీదున్న ప్రతి అంశం వివరాలతో ఎక్స్ఎంఎల్ ఫైలు వస్తుంది. ఒక్కో అంశానికి బౌండ్స్ అని నాలుగు సంఖ్యలుంటాయి. బౌండ్స్ 84, 1512 నుంచి 996, 1656 వరకు ఉంటే మధ్య బిందువు 540, 1584. వేలితో చూసి రాసిన సంఖ్య బటన్ అంచున ఉందో నడుమ ఉందో ఎవరికీ తెలియదు. బౌండ్స్ నుంచి తీసిన సంఖ్యకు ఆధారం ఉంటుంది. ఆ ఎక్స్ఎంఎల్ ఫైలును డాక్యుమెంటుతో పాటే దాచండి. యాప్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత, కొత్త ఫైళ్లు పక్కపక్కన పెడితే ఏ బటన్ జరిగిందో రెండు నిమిషాల్లో దొరుకుతుంది.

డంప్‌లో రిసోర్స్ ఐడీ (డెవలపర్ ఆ అంశానికి పెట్టిన పేరు) కనబడితే సంఖ్యల జోలికే పోవద్దు. ఐడీతో పట్టుకునే టూలు వాడి, డాక్యుమెంటులో ఐడీనే ముందు రాయండి.

డంప్ తీస్తే ఏమీ రావడం లేదు, లేదా ఒకే ఒక ఖాళీ పెట్టె వస్తోంది.

కారణాలు నాలుగైదు ఉన్నాయి. తెర మీద ఏదో కదులుతూనే ఉంటే, అంటే బ్యానర్లు తిరుగుతున్నా, వీడియో ఆడుతున్నా, తెర నిలకడగా లేదన్న ఎర్రర్‌తో డంప్ ఆగిపోతుంది. డెవలపర్ ఆప్షన్లలో విండో, ట్రాన్సిషన్, యానిమేటర్ అనే మూడు స్కేళ్లనూ ఆఫ్ చేస్తే చాలావరకు తగ్గుతుంది. వీడియోను మాత్రం ఇది ఆపలేదు.

యాపియం (యాపులను పరీక్షించే ఆటోమేషన్ టూలు) నడుస్తుండగా పక్క టెర్మినల్లో డంప్ తీయబోతే ఆ డంప్ చచ్చిపోతుంది. ఒక సమయంలో ఒక్క యూఐ ఆటోమేషన్ కనెక్షనే ఉండాలి. ముందు యాపియం సెషన్ ముగించండి.

యూనిటీ అనే టూలుతో చేసిన గేముల్లో బటన్లన్నీ ఒకే గుడ్డ మీద వేసిన బొమ్మలు, సిస్టమ్‌కు లోపలి భాగాలు కనబడవు. అక్కడ కోఆర్డినేట్లు, లేదా బొమ్మ పోల్చి వెతికే పద్ధతి తప్ప దారి లేదు. ఫ్లటర్ అనే టూల్‌కిట్‌తో రాసిన యాపుల్లో డెవలపర్ సెమాంటిక్స్ పేర్లు (తెర చదివే సాధనాల కోసం అంశాలకు పెట్టేవి) ఇచ్చినంత మేరకే కనబడతాయి. జెట్‌ప్యాక్ కంపోజ్ అనే టూల్‌కిట్‌లో రాసిన యాప్ అయితే టెస్ట్ ట్యాగ్ (పరీక్ష కోసం అంశానికి ఇచ్చే పేరు) పెట్టడంతో పని అయిపోదు. "టెస్ట్ ట్యాగ్స్ యాజ్ రిసోర్స్ ఐడీ" అనే గుణాన్ని ట్రూ చేయాలి, అప్పుడే డంప్‌లో ఐడీగా వస్తుంది. యాప్ మీ బృందానిదే అయితే డెవలపర్‌తో ఈ ఒక్క వరుస పెట్టించుకోండి. మీరు రాయాల్సిన డాక్యుమెంటు సగం తగ్గిపోతుంది.

ఏ టూలుతో తాకిస్తున్నామో అంత వివరంగా చెప్పాలా? ఏదైనా తాకడమే కదా?

కాదు. తాకిడి ఫోనులోకి ఏ మెట్టు దగ్గర దూరుతుందో దాన్ని బట్టి దాని గుణం మారుతుంది.

ఏడీబీ ఇన్‌పుట్ కమాండ్, యాపియం లాంటివి ఆండ్రాయిడ్ సిస్టమ్ లోపల, ఈవెంట్లు పంచే చోట తాకిడిని వేస్తాయి. టచ్ ప్యానెల్‌కు, దాని డ్రైవర్‌కు ఈ సంగతే తెలియదు. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇన్‌పుట్ కమాండ్ కొట్టిన ప్రతిసారీ కొత్త ప్రాసెస్ మొదలవుతుంది కాబట్టి రెండు ట్యాపుల మధ్య గ్యాప్ తెలిసేంత ఉంటుంది. పాత ఫోనులో రాసిన స్క్రిప్టు కొత్త ఫోనులో "మరీ వేగంగా" పోయి తప్పడానికి ఇదొక కారణం.

సెండ్ ఈవెంట్ కమాండ్ ఇంకా కింద, కెర్నెల్ (సిస్టమ్ అడుగు పొర) దగ్గర పనిచేస్తుంది. ప్యానెల్ తాకిళ్లను చూపే గెట్ ఈవెంట్‌తో చూసినప్పుడు విలువలు హెక్సాడెసిమల్లో (16 ఆధారపు అంకెల్లో) వస్తాయి, సెండ్ ఈవెంట్‌కు దశాంశంలో ఇవ్వాలి. గెట్ ఈవెంట్ 21సి, 630 అని చూపితే అవి 540, 1584. ఒక వేలు ఆనించడానికి వరుస ఇది: 3 57 100 (వేలి గుర్తింపు), 3 53 540 (ఎక్స్), 3 54 1584 (వై), 1 330 1 (తాకింది), 0 0 0 (పంపు). ఎత్తడానికి 3 57 4294967295, 1 330 0, 0 0 0. ఆ పెద్ద సంఖ్య మైనస్ ఒకటికి మారు రూపం. చివరి 0 0 0 మరిచిపోతే ఏమీ జరగదు, ఎర్రర్ కూడా రాదు. ఇంకో మెలిక ఉంది: కొన్ని ప్యానెళ్ల సొంత కొలత పిక్సెళ్లతో సమానం కాదు. "గెట్ ఈవెంట్ మైనస్ పీ" చూపే గరిష్ఠ విలువను చూసి నిష్పత్తి కట్టుకోవాలి, ఆ గరిష్ఠాన్ని డాక్యుమెంటులో రాయాలి. చాలా ఫోన్లలో రూట్ (ఫోను మీద పూర్తి అధికారం) లేకుండా దీనికి అనుమతే ఉండదు.

మూడోది యాక్సెసిబిలిటీ సర్వీసు (వికలాంగులకు ఫోను వాడకంలో తోడ్పడేందుకు ఆండ్రాయిడ్ ఇచ్చే సదుపాయం) దారి. ప్లే స్టోర్‌లో దొరికే ఆటో క్లిక్కర్లన్నీ ఈ కోవలోవే. ఆండ్రాయిడ్ 7.0 నుంచి యాప్ తనంతట తాను జెస్చర్ వేయగలదు, కంప్యూటర్ అక్కర్లేదు. ఒక జెస్చర్ 60 సెకన్లు మించకూడదు. జెస్చర్ సాగుతుండగా మనిషి వేలు తగిలితే అది రద్దవుతుంది, కాబట్టి "నడుస్తున్నప్పుడు ఫోను ముట్టుకోవద్దు" అని రాయాల్సింది ఇక్కడే. స్టోర్ బయట నుంచి ఏపీకే (యాప్ ఫైలు) ఎక్కించిన యాపుకు ఆండ్రాయిడ్ 13 నుంచి ఈ అనుమతి బూడిద రంగులో మూసుకుపోయి ఉంటుంది. యాప్ ఇన్ఫో తెరలో మూడు చుక్కలు నొక్కి "రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ అనుమతించు" ఎంచుకోవాలి. యాపియం మొదలవగానే మామూలుగా ఇలాంటి సర్వీసులన్నీ నిద్రపోతాయి. రెండూ కలిపి వాడదామనుకునేవాళ్లు తల పట్టుకునేది దీనివల్లే.

ట్యాప్ పనిచేస్తోంది కానీ రికార్డు చేసిన వీడియోలో తెల్ల చుక్క కనబడటం లేదు. తప్పెక్కడ?

తప్పేమీ లేదు. డెవలపర్ ఆప్షన్లలోని "షో ట్యాప్స్" గీసే చుక్క టచ్ ప్యానెల్ నుంచి చదివిన తాకిళ్లకే వస్తుంది. ఇన్‌పుట్ కమాండ్ ఆ మెట్టును దాటేసి లోపలికి పోతుంది కాబట్టి చుక్క రాదు. వీడియోలో కనబడాలంటే పాయింటర్ లొకేషన్ ఆన్ చేయండి, అది ఇలా వేసిన తాకిళ్లను కూడా గీస్తుంది. సెండ్ ఈవెంట్ వాడితే చుక్క మామూలుగానే వస్తుంది. స్క్రీన్ రికార్డ్ కమాండ్ మామూలుగా ఒక్కసారికి 3 నిమిషాలే తీస్తుంది. పొడుగు స్క్రిప్టును ముక్కలుగా తీయాలి.

స్వైప్ చేస్తే జాబితా ప్రతిసారీ వేరే చోట ఆగుతోంది.

ఇది అందరికీ తగిలే సమస్య. చాలా డాక్యుమెంట్లలో దీనికి రాసే పరిష్కారం సగమే.

ఇన్‌పుట్ స్వైప్‌కు ఐదు సంఖ్యలు: మొదటి ఎక్స్, వై, చివరి ఎక్స్, వై, ఆపైన మిల్లీసెకన్లు. 540 1800 540 600 300 అంటే 1200 పిక్సెళ్లను 300 మిల్లీసెకన్లలో లాగినట్టు. వేలు వేగంతోనే తెర వదిలింది కాబట్టి జాబితా ఆ ఊపులో ఇంకా జారుతుంది. 1500 మిల్లీసెకన్లు పెడితే తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. ఈ కమాండ్ చివరి క్షణం దాకా ఒకే వేగంతో కదులుతుంది, ఆగి ఎత్తదు. నిజంగా ఆగాలంటే వేలు చివరి బిందువు దగ్గర కాసేపు నిలవాలి. కొత్త ఆండ్రాయిడ్లలో "ఇన్‌పుట్ మోషన్ ఈవెంట్" కమాండుతో డౌన్, కొన్ని మూవ్‌లు, చిన్న విరామం, అప్ అని విడివిడిగా ఇవ్వచ్చు. యాపియంలో డబ్ల్యూ3సీ యాక్షన్ల పద్ధతిలో పాయింటర్ అప్‌కు ముందు 200 మిల్లీసెకన్ల పాజ్ పెడితే చాలు, జారుడు పోతుంది.

లాగిన దూరానికి, జాబితా కదిలిన దూరానికి కూడా కొంచెం తేడా వస్తుంది. వేలు 8 డీపీ కదిలేదాకా ఆండ్రాయిడ్ దాన్ని స్క్రోల్‌గా లెక్కించదు. 420 డెన్సిటీలో అది 21 పిక్సెళ్లు. అంతకంటే చిన్న స్వైప్ ట్యాప్‌గా మారిపోతుంది.

దీన్ని డాక్యుమెంటులో "కిందికి స్వైప్ చేయండి" అని రాయకండి. వేలు పైకి పోతే పేజీ కిందికి పోతుంది, ఎవరి కింద ఏదో ఎవరికీ అర్థం కాదు. "వేలు 1800 నుంచి 600కి, జాబితా చివరి వరుసలు బయటపడతాయి" అని రాయండి.

లాంగ్ ప్రెస్‌కు వేరే కమాండ్ ఉందా?

స్వైప్‌నే మొదలు, చివర ఒకే బిందువు ఇచ్చి వాడతారు: 540 1584 540 1584 1000. ఎంతసేపు పట్టుకుంటే లాంగ్ ప్రెస్ అవుతుందో యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు కాబట్టి ఫోను ఫోనుకూ తేడా రావచ్చు. 1000 మిల్లీసెకన్లు పెట్టుకుంటే మామూలు అమరికలో ఇబ్బంది ఉండదు. డబుల్ ట్యాప్‌కు రెండు ట్యాపులు 300 మిల్లీసెకన్ల లోపు పడాలి, పాత ఫోన్లలో రెండు ఏడీబీ కమాండ్లతో అది కుదరదు.

షావోమీ, రెడ్‌మీ, పోకో ఫోన్లలో ట్యాప్ కొడితే ఇంజెక్ట్ ఈవెంట్స్ పర్మిషన్ లేదంటోంది.

డెవలపర్ ఆప్షన్లలో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఒక్కటి ఆన్ చేస్తే ఈ ఫోన్లకు చాలదు. దాని కిందనే "యూఎస్‌బీ డీబగ్గింగ్ (సెక్యూరిటీ సెట్టింగ్స్)" అని ఇంకోటి ఉంటుంది, దాన్నీ ఆన్ చేయాలి. మీ అకౌంటుతో లాగిన్ కమ్మంటుంది, నెట్ ఉండాలి. ఆన్ చేశాక ఫోను ఒకసారి రీస్టార్ట్ చేయండి. మన వైపు షాపుల్లో, కాలేజీల్లో ఈ ఫోన్లే ఎక్కువ కనబడతాయి కాబట్టి మీ డాక్యుమెంటులో ఈ పేరా మొదటి పేజీలోనే ఉండటం మంచిది.

తెలుగు, ఒడియా అక్షరాలు టైపు చేయించడం ఎలా? ఇన్‌పుట్ టెక్స్ట్ పనిచేయడం లేదు.

ఆ కమాండ్ కీబోర్డు మీటలను ఒక్కొక్కటిగా నొక్కినట్టు చేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు మీటలున్నాయి. "క్ష"కు మీట లేదు కాబట్టి విఫలమవుతుంది. ఇంగ్లీషులో కూడా ఖాళీ జాగా బదులు శాతం గుర్తు, ఎస్ అక్షరం కలిపి రాయాలి.

యాపియంలో యూఐఆటోమేటర్2 డ్రైవర్ వాడితే అక్షరాలు మీటల దారిన కాక నేరుగా పెట్టెలో పడతాయి, తెలుగైనా ఒడియా అయినా వస్తుంది. ఏడీబీతోనే చేయాలంటే ఏడీబీ కీబోర్డ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ వేసి, దాన్ని డిఫాల్ట్ కీబోర్డుగా పెట్టి, బ్రాడ్‌కాస్ట్ (యాపుకు సందేశం పంపే కమాండ్) ద్వారా పంపుతారు. విండోస్ టెర్మినల్లో అక్షరాలు చెడిపోతుంటే బేస్64 రూపంలో (మామూలు ఇంగ్లీషు అక్షరాలుగా మార్చి) పంపండి. పని అయ్యాక పాత కీబోర్డు తిరిగి పెట్టే మెట్టు రాయడం మరవకండి. లేకపోతే తర్వాత ఆ ఫోను తీసుకున్నవారికి కీబోర్డే రాదు.

యాప్ భాష తెలుగు నుంచి ఒడియాకు మార్చగానే స్క్రిప్టులన్నీ పడిపోయాయి.

బటన్‌ను దాని మీది మాటతో పట్టుకుంటే ఇలాగే అవుతుంది. తెలుగులో "సమర్పించండి", ఒడియాలో "దాఖల కరంతు", ఇంగ్లీషులో ఇంకోటి. ఐడీ వాడటమే మందు. ఐడీ లేని చోట మూడు భాషల మాటలను ఒక పట్టికలో పెట్టి, స్క్రిప్టు ఆ పట్టిక నుంచి తీసుకునేలా చేయండి. ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్క యాప్ భాషనే ఏడీబీ నుంచి మార్చవచ్చు, కాబట్టి ఒకే రాత్రిలో మూడు భాషల్లో పరీక్ష నడిపించవచ్చు. భాషల కోడ్లు తెలుగుకు టీఈ, ఒడియాకు ఓఆర్.

పట్టిక రాసేటప్పుడు ఒక చిక్కు ఉంటుంది. "మొబైల్‌లో" అన్న మాటలో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక విడదీసే అక్షరం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. తెర మీద రెండూ ఇంచుమించు ఒకలాగే కనబడినా కంప్యూటర్ పోలికలో సమానం కావు. ఒడియాలో కింద చుక్క ఉన్న అక్షరాలూ రెండు విధాలుగా కోడ్ అవుతాయి. అందుకే మాటను చేత్తో టైపు చేయొద్దు. డంప్ ఫైలులోంచి కాపీ చేసి పెట్టండి.

వివరణ తెలుగులో రాయాలా, ఒడియాలో రాయాలా అని కూడా అడుగుతారు. పర్లాకిమిడి, బరంపురం బృందాల్లో రెండూ మాట్లాడేవాళ్లు ఎక్కువ, రెండు లిపులూ చదివేవాళ్లు తక్కువ. స్క్రీన్‌షాట్ల మీద 1, 2, 3 అంకెలు గుర్తించి, వాటి పక్కన ఐడీ ఇవ్వండి. వాక్యాలు ఎవరి భాషలో వాళ్లు పెట్టుకోవచ్చు, అంకెలు, ఐడీలు మారవు.

సరిహద్దు ఊళ్లలో నడిపితే తెర పై భాగంలోని ట్యాపులు అప్పుడప్పుడు పోతున్నాయి.

పర్లాకిమిడి నుంచి పాతపట్నం దగ్గరే. ఫోను ఒకసారి ఒడిశా సర్కిల్ టవర్, ఒకసారి ఆంధ్ర సర్కిల్ టవర్ పట్టుకుంటుంటే ఆపరేటర్ మెసేజీలు దిగుతుంటాయి. ఆ నోటిఫికేషన్ పై నుంచి జారి కొన్ని సెకన్లు నిలుస్తుంది. సరిగ్గా ఆ సమయంలో సెర్చ్ పెట్టె మీదికి వేసిన ట్యాప్ మెసేజీ మీద పడి మెసేజ్ యాప్ తెరుచుకుంటుంది. లాగ్‌లో చూస్తే స్క్రిప్టు చక్కగానే నొక్కినట్టుంటుంది.

పరీక్ష ఫోనులో సిమ్ అక్కర్లేకపోతే తీసేయండి. లేదా ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయండి. సిమ్ తప్పనిసరైతే గ్లోబల్ సెట్టింగ్స్‌లో "హెడ్స్ అప్ నోటిఫికేషన్స్ ఎనేబుల్డ్" విలువను 0 చేయండి, మాటల మధ్య అండర్‌స్కోర్లు పెట్టాలి. స్క్రీన్‌షాట్లు పోల్చి చూసే పరీక్షలైతే పైపట్టీని పోలిక నుంచి కత్తిరించండి. గడియారం, సిగ్నల్ గీతలు, బ్యాటరీ ఏ రెండుసార్లూ ఒకలా ఉండవు.

ప్రతి మెట్టు తర్వాత "3 సెకన్లు ఆగు" అని పెట్టాం. ఒకచోట సరిపోతుంది, ఒకచోట సరిపోదు.

బరంపురంలో చటుక్కున తెరుచుకునే పేజీ మోహన, ఆర్. ఉదయగిరి కొండల్లో తిరుగుతూ ఉంటుంది. సెకన్లు పెంచుకుంటూ పోతే పట్నంలో వృథా, కొండల్లో అప్పటికీ చాలవు. డాక్యుమెంటులో సమయం కాదు, షరతు రాయండి: "చెల్లించాల్సిన మొత్తం తెర మీద కనబడే వరకు, గరిష్ఠం 20 సెకన్లు, రాకపోతే స్క్రీన్‌షాట్ తీసి ఆపు." మూడో భాగం లేని డాక్యుమెంటు చూసి రాసిన స్క్రిప్టు, డబ్బు కట్టే తెరలో నెట్ పోయినప్పుడు రెండోసారి నొక్కేస్తుంది.

కేబుల్ కనెక్షన్ పదేపదే పోతోంది.

ముందు కేబుల్ మార్చండి. చార్జింగుకే తప్ప డేటాకు పనికిరాని కేబుళ్లు బజారు నిండా ఉన్నాయి. "అనాథరైజ్డ్" అని వస్తే ఫోను తెర మీద అనుమతి పెట్టె ఎదురుచూస్తోందన్నమాట. ఆండ్రాయిడ్ 11 నుంచి, వారం పాటు వాడని కంప్యూటర్ అనుమతి దానంతటదే పోతుంది. దసరా సెలవుల తర్వాత ఫోన్లన్నీ ఒక్కసారిగా "పనిచేయడం మానేయడం" ఇందుకే. డెవలపర్ ఆప్షన్లలో ఈ గడువును ఆపే మీట ఉంది. రెండు ఫోన్లు తగిలించి ఉంటే ప్రతి కమాండులో "మైనస్ ఎస్" తర్వాత సీరియల్ నంబర్ ఇవ్వాలి.

వైఫై డీబగ్గింగ్‌లో 6 అంకెల కోడుతో జత చేస్తారు. కరెంటు పోయి రౌటర్ ఆరి మళ్లీ వస్తే పోర్టు నంబర్ మారుతుంది. డాక్యుమెంటులో ఆ నంబర్ రాయకండి, ఎక్కడ చూడాలో రాయండి.

తెరను లేపడానికి కీ ఈవెంట్ 26 వాడే అలవాటు మానండి. అది పవర్ మీట. తెర ఆరి ఉంటే వెలిగిస్తుంది, వెలిగి ఉంటే ఆర్పేస్తుంది. 224 ఎప్పుడూ వెలిగించడమే చేస్తుంది.

ఐఫోను సంగతి?

ఏడీబీ లాంటిది లేదు. మ్యాక్, ఎక్స్‌కోడ్, ఎక్స్‌సీయూఐ టెస్ట్ కావాలి, యాపియం కూడా లోపల దాన్నే వాడుతుంది. ఐఓఎస్ 16 నుంచి ఫోనులో డెవలపర్ మోడ్ ఆన్ చేయాలి. ఉచిత ఆపిల్ ఐడీతో సైన్ చేసిన టెస్ట్ యాప్ 7 రోజులకు పనిచేయడం మానేస్తుంది. కొలతలు పిక్సెళ్లలో కాదు, పాయింట్లలో ఉంటాయి: 1170 పిక్సెళ్ల వెడల్పున్న తెర 390 పాయింట్లే. స్క్రీన్‌షాట్ చూసి కొలిచిన సంఖ్యను 3తో భాగించకుండా ఇస్తే ట్యాప్ తెర బయటకు పోతుంది.

కాంబో (డిస్‌ప్లే, టచ్ ప్యానెల్ కలిసిన భాగం) మార్చాక టచ్ సరిగ్గా ఉందో లేదో ఈ టూళ్లతో చూడొచ్చా?

చూడలేరు. ఇన్‌పుట్ కమాండ్ ప్యానెల్‌ను దాటేసి పోతుందని పైన చెప్పాం. పగిలిన ప్యానెల్ మీద కూడా ట్యాప్ చక్కగా పడుతుంది. కొత్త కాంబోను పాయింటర్ లొకేషన్ ఆన్ చేసి వేలితోనే పరీక్షించాలి. తెర నాలుగు అంచుల వెంట, తర్వాత మూల నుంచి మూలకు నెమ్మదిగా గీత గీయండి. గీత తెగిన చోట ప్యానెల్ చచ్చినట్టు. వేలు పెట్టకుండానే గీతలు వస్తుంటే కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదేమో, లేదా కాంబో నాసిరకమేమో చూడాలి. చార్జర్ పెట్టినప్పుడు మాత్రమే వస్తే చార్జర్ మార్చి చూడండి.

ఈ టూళ్లు షాపుకు పనికొచ్చేది వేరేచోట. టచ్ పోయిన ఫోనులోంచి కస్టమర్ ఫొటోలు తీయాలంటే స్క్రీన్ కాపీ అనే ఉచిత టూలు ఓటీజీ మోడ్‌లో కంప్యూటర్ మౌస్, కీబోర్డులను ఫోనుకు ఇస్తుంది, డీబగ్గింగ్ ముందే ఆన్ చేసి ఉండక్కర్లేదు. కస్టమర్ ఎదురుగా ఉండగానే చేయండి, లాక్ ఆయన చేతే తీయించండి.

సూరత్ బండి తత్కాల్ టికెట్లకు, యూపీఐకి దీన్ని వాడే పద్ధతి రాసివ్వగలరా?

రాయం, మీరూ రాయకండి. గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లేవాళ్ల రద్దీ ఎంతో అందరికీ తెలుసు కాబట్టే ఇది మళ్లీ మళ్లీ అడుగుతారు. అనుమతి లేకుండా టికెట్లు కొని సరఫరా చేసే వ్యాపారం రైల్వే చట్టం, 1989లోని 143వ సెక్షన్ కింద నేరం, 3 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. చెల్లింపు యాపులు కొన్ని డీబగ్గింగ్ గానీ తెలియని యాక్సెసిబిలిటీ సర్వీసు గానీ ఆన్‌లో ఉంటే తెరుచుకోవు. వాటి తెరలను స్క్రీన్‌షాట్ తీస్తే నల్లగా రావచ్చు. అది టూలు లోపం కాదు, యాప్ కావాలని పెట్టుకున్న అడ్డు. మీ డాక్యుమెంటులో "ఈ స్క్రిప్టు ఏ యాపు మీద, ఎవరి అనుమతితో" అన్న వరుస ఒకటి ఉండాలి.

స్క్రీన్‌షాట్లలో జనం వివరాలు పడుతున్నాయి. మసకబారిస్తే సరిపోతుందా?

మసక వేయడం కంటే మొదటి నుంచీ ఉత్తుత్తి వివరాలతో తీయడం మేలు. రేషన్ కార్డు, ఆధార్ నంబర్లున్న అసలు రికార్డులతో పరీక్ష నడపకూడదు. డంప్ ఎక్స్ఎంఎల్ ఫైలును జనం మరిచిపోతారు. బొమ్మను మసకబార్చినా ఆ ఫైలులో పేరు, నంబర్ అక్షరాలా ఉంటాయి. టైపు చేయించిన ఓటీపీలు, పాస్‌వర్డులు కమాండ్ హిస్టరీలో కూడా మిగులుతాయి.

మంకీ టూలుతో ఇష్టమొచ్చినట్టు నొక్కిస్తే డాక్యుమెంటు ఏముంటుంది?

సీడ్ నంబర్ ఉంటుంది, అంటే ఆ నొక్కుళ్ల వరుసను నిర్ణయించే మొదటి సంఖ్య. "మంకీ మైనస్ పీ" తర్వాత ప్యాకేజీ పేరు, "మైనస్ ఎస్ 42", "మైనస్ మైనస్ థ్రాటిల్ 300" (ఈవెంట్ల మధ్య విరామం, మిల్లీసెకన్లలో), ఈవెంట్లు 500 అని ఇస్తే, అదే సీడ్‌తో అదే వరుస మళ్లీ వస్తుంది. సీడ్ రాయకుండా "మంకీ నడిపితే యాప్ పడిపోయింది" అని రాస్తే ఆ క్రాష్‌ను డెవలపర్ మళ్లీ పుట్టించలేడు. ప్యాకేజీ పేరు ఇవ్వకపోతే సెట్టింగ్స్‌లోకి దూరి ఏదైనా నొక్కేస్తుంది, కాబట్టి సొంత ఫోనులో అసలే వద్దు.

రాసిన డాక్యుమెంటు సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది?

ఆ స్క్రిప్టు ఎప్పుడూ చూడని మనిషికి, ఫ్యాక్టరీ రీసెట్ చేసిన ఫోనుతో పాటు ఇవ్వండి. పక్కన కూర్చోండి కానీ నోరు విప్పకండి. ఆయన మిమ్మల్ని చూసిన ప్రతిసారీ డాక్యుమెంటులో ఒక వరుస తక్కువుందన్నమాట, అక్కడ గుర్తు పెట్టుకోండి. ఎక్కువగా దొరికేవి మూడు: మొదటిసారి యాప్ తెరిచినప్పుడు వచ్చే అనుమతి పెట్టెలు, కీబోర్డు తెరుచుకుని బటన్‌ను కప్పేయడం, "కొత్తగా ఏముంది" అనే పరిచయ తెర. రాసినవారి ఫోనులో ఇవన్నీ ఎప్పుడో నొక్కేసి ఉంటాయి కాబట్టి వాళ్లకు కనబడవు. పరీక్ష ఫోన్లలో ప్లే స్టోర్ ఆటో అప్‌డేట్ ఆపండి. యాప్ వెర్షన్ పెంచిన రోజే డంప్ మళ్లీ తీసి, తేదీ వేసి, పాతదాన్ని చెరపకుండా పక్కన పెట్టండి.